పదకొండో నంబర్ గదిలో అక్క

(ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర విభాగం ఏర్పాటు చేసిన సభలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, చరిత్ర శాఖ వారికి, అందరికన్నా ముఖ్యంగా చివరి వరసల్లో గోడకు ఆనుకుని కూర్చున్న పిల్లలకు. ముందు రెండు వరసలూ ఖాళీగా ఉన్నాయి. అక్కడ దయ్యమేమీ లేదమ్మా, రండి. నేను ప్రశ్నలు అడగను. (నవ్వులు)

నన్ను శాతవాహనుల నాణేల గురించి మాట్లాడమని పిలిచారు. నాణేల గురించి ఇప్పటికి చాలాసార్లు చెప్పాను, ఈసారి కాలేజీల్లో దయ్యాల గురించి చెప్తానన్నాను. ఫోన్‌లో అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "మేడమ్, బ్యానర్ మీద చరిత్ర విభాగం అని ఉంటుంది కదా" అన్నారు. ఉండనివ్వండి అన్నాను. నేను చెప్పబోయేది చరిత్రే.

ముందు మీరు చెప్పండి. మీ కాలేజీలో దయ్యం ఉందా? చేతులెత్తండి. అబ్బో. ఎక్కడ? పాత హాస్టల్ బాత్‌రూమా, సరే. చూసిందెవరు? ... సీనియర్లు. వాళ్ళకెవరు చెప్పారు? వాళ్ళ సీనియర్లు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు దయ్యాన్ని చూసిన మనిషి ఒక్కరూ తగల్లేదు. చూసినవాళ్ళ రూమ్మేట్లు మాత్రం ఊరూరా తగిలారు.

హైదరాబాద్‌లో దయ్యాలు తిరిగే చోట్లు ఏవి అని మీ ఫోన్‌లో వెతికితే ఒక జాబితా వస్తుంది. గోల్కొండ కోట ఉంటుంది, కుందన్‌బాగ్ ఇల్లు ఉంటుంది. వాటితో పాటు ఖైరతాబాద్‌లో పాడుబడ్డ ఒక సైన్స్ కాలేజీ అని ఉంటుంది. కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాలేజీ మూసేశారు, ల్యాబ్‌లో ప్రయోగాలకు తెచ్చిన శవాలను అలాగే వదిలేశారు, రాత్రిళ్ళు చప్పుళ్ళు వస్తున్నాయని ఒక వాచ్‌మన్‌ను పెట్టారు, తెల్లారేసరికి ఆ వాచ్‌మన్ చచ్చిపడి ఉన్నాడు.

నేను రిజిస్టర్లతో బతికినదాన్ని. ఎలాంటి కథ విన్నా ముందు పేరు, ఊరు, తారీఖు వెతుకుతాను. ఆ వాచ్‌మన్ పేరేమిటి? ఈ కథ ఎవరు చెప్పినా పేరు చెప్పరు. ఏ సంవత్సరం? చెప్పరు. భార్యాపిల్లలున్నారా, జీతం బాకీ ఇచ్చారా? అసలా ప్రశ్నే రాదు. ఒక మనిషి చచ్చిపోయాడంటారు గాని, ఆ మనిషి గురించి కథలో ఒక్క ముక్క ఉండదు. ఇంకోటి. మామూలు సైన్స్ కాలేజీకి మనిషి శవంతో ఏం పని? శవాలతో పని మెడికల్ కాలేజీలో, అనాటమీ డిపార్ట్‌మెంట్‌కి. డిగ్రీ జువాలజీలో మేము కోసింది కప్పను, బొద్దింకను. వాటి దయ్యాల గురించి మాత్రం ఎవరూ చెప్పరు పాపం. (నవ్వులు)

అయితే జువాలజీ ల్యాబ్‌లో మనిషి ఒకరు ఉండేమాట నిజమే. గాజు తలుపుల బీరువాలో, పుర్రె మీద కొక్కెం వేసి వేలాడదీసిన అస్థిపంజరం. దాని గురించి ప్రతి కాలేజీలోనూ ఒకటే కథ. అది పాత అటెండర్‌దనో, పాత ప్రిన్సిపాల్‌దనో, ఆయనకు కాలేజీ మీద అంత ప్రేమ కాబట్టి ఒళ్ళు కూడా కాలేజీకే రాసిచ్చేశాడనో. విని నవ్వుకుంటాం. నేనూ నవ్వాను. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది అసలు సంగతి. 1985లో మన ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య కళాశాలలకు ఎముకలు ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. ఆ వ్యాపారానికి పెద్ద కేంద్రం కలకత్తా. దిక్కులేని శవాలు, తవ్వి తీసిన గోతులు, అంత్యక్రియలకు డబ్బుల్లేనివాళ్ళు. శుభ్రం చేసి, తీగతో కుట్టి, పెట్టెల్లో పెట్టి పంపేవాళ్ళు. మన బీరువాలోది కూడా పాత ప్రిన్సిపాల్ గారు అయ్యుండే అవకాశం తక్కువ. ఎవరో పేదవాడు. పిల్లలు చెప్పుకునే కథలో తప్పేమిటంటే ఆ ఎముకలకు ఒక గౌరవమైన ఉద్యోగం ఇచ్చారు. ఒప్పేమిటంటే, అది ఒకప్పుడు ఒక మనిషి అని గుర్తుపెట్టుకున్నారు. ల్యాబ్ స్టాక్ రిజిస్టర్‌లో అది "స్కెలిటన్, ఒకటి". అంతే.

సరే, పేరున్న చచ్చిపోయినవాళ్ళ దగ్గరికి వద్దాం.

నేను చదువుకుంది కోఠీ ఉమెన్స్ కాలేజీలో. ఇప్పుడది విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మాకు మాత్రం ఎప్పటికీ కోఠీయే. 1924లో మొదలైన ఆ కాలేజీని 1949లో బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మార్చారు. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. ఆ సింహాల మీద ఎక్కి ఫోటో దిగని ఆడపిల్ల లేదు మా బ్యాచ్‌లో. దయ్యాలకు ఇంతకన్నా మంచి ఇల్లు దక్షిణ భారతంలో దొరుకుతుందా? వెనకాల శ్మశానం కూడా ఉంది, తెల్లదొరల సమాధులు.

ఆ ఇంట్లో జరిగిన విషాదాలు కూడా చిన్నవి కావు. ఇల్లు కట్టించిన జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి ఇక్కడ రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. ఖైరున్నీసా అనే హైదరాబాద్ పెద్దింటి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పసివాళ్ళిద్దరినీ చదువుకని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు. అదే ఏడాది అక్టోబర్‌లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసా మళ్ళీ పిల్లల ముఖం చూడలేదు. ఇంకో దొరను నమ్మింది, అతను వదిలేశాడు. హైదరాబాద్ రానివ్వకపోతే మచిలీపట్నంలో తలదాచుకుంది. చివరికి హైదరాబాద్ తిరిగొచ్చి 1813లో పోయింది. అప్పటికి ముప్పై కూడా నిండలేదు.

తర్వాత 1857. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని ఇదే రెసిడెన్సీ మీద దాడి చేశారు. మౌల్వీని అండమాన్ పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర అందరూ చూసేలా వేలాడదీశారు. హైదరాబాద్‌లో "నువ్వేమన్నా పెద్ద తురుంఖానా?" అంటారు చూడండి, ఆ మాట ఆయన పేరు నుంచే పుట్టిందంటారు.

ఇప్పుడు చెప్పండి. పిల్లలకు దూరమై కుమిలిపోయిన తల్లి, వేలాడదీసిన శవం, వెనకాల శ్మశానం. మామూలుగా అయితే ఆ క్యాంపస్‌లో సాయంత్రం ఆరు దాటితే ఎవరూ ఉండకూడదు. మేము మాత్రం ఆ సమాధుల దగ్గర కూర్చుని టిఫిన్ డబ్బాలు తినేవాళ్ళం. ఖైరున్నీసా గురించి మేం చెప్పుకున్న కథ దయ్యం కథ కాదు. వెనకాల తోటలో ఆ భవనానికే ఒక చిన్న నమూనా ఉండేది, బొమ్మరిల్లు లాగా. బేగం ఘోషాలో ఉంటుంది కాబట్టి ముందువైపుకొచ్చి తన ఇల్లు ఎలా ఉందో చూసుకునే వీల్లేదు, అందుకని ఆయన ఆమె కోసం చిన్న ఇల్లు కట్టించి చూపించాడని చెప్పుకునేవాళ్ళం. అది నిజమో కాదో, కట్టేవాళ్ళ కోసం చేసిన నమూనాయో, దాని జోలికి నేను పోను. నాకు ఆశ్చర్యమేమిటంటే, అంత ఏడుపున్న చోట ఆడపిల్లలు ఏరుకున్నది బొమ్మరిల్లును. ఆమె తెల్లచీర కట్టుకుని తిరుగుతోందని మా బ్యాచ్‌లో ఒక్కరూ అనలేదు.

ఎందుకని? ఆమె పేరు మాకు తెలుసు. పిల్లల పేర్లు తెలుసు, ఏ ఏడు పోయిందో తెలుసు. కథ మొత్తం తెలిసిన మనిషిని దయ్యం చెయ్యడం కష్టం. ఇది నేను అప్పుడు అనుకోలేదు. చాలా తర్వాత, ఉద్యోగంలో చేరాక, పదకొండో నంబర్ గది దగ్గర తట్టింది. ఆ గది దగ్గరికి వస్తాను, ఒక్క నిమిషం.

ఈలోపు, సైన్స్ వాళ్ళు కూడా కూర్చున్నారు కదా, వాళ్ళ కోసం కొంచెం. పాత భవనాల్లో రాత్రి వినిపించేవాటిలో సగం చావుపిట్టది, అదొక రకం గుడ్లగూబ. తెల్లటి ముఖం, ఎగిరితే రెక్కల చప్పుడు ఉండదు, అరిస్తే మనిషి గొంతు పిసికినట్టు ఉంటుంది. అటక మీద ఎవరో నడుస్తున్నారంటే అది మానుపిల్లి. అర్ధరాత్రి మెలకువ వచ్చి, కాలూ చెయ్యీ కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటే అది నిద్రలో ఒళ్ళు బిగుసుకుపోవడం, మెదడు లేచింది గాని ఒళ్ళింకా లేవలేదు. పరీక్షల ముందు నిద్ర చాలనివాళ్ళకు ఎక్కువగా వస్తుంది, టెన్షన్ పడకండి. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజినీర్‌కు తన ల్యాబ్‌లో ఒకరోజు చెమటలు పట్టి, కంటి కొసన బూడిదరంగు ఆకారం కనిపించింది. మర్నాడు చూస్తే, కత్తిసాము కోసం తెచ్చి బిగించిపెట్టిన సన్నటి కత్తి దానంతటదే వణుకుతోంది. కొత్తగా పెట్టిన ఫ్యాన్ నుంచి, చెవికి అందని 19 హెర్ట్జ్ ధ్వని వస్తోందని తేల్చి 1998లో పేపర్ రాశాడు. బాగుంది. కానీ ప్రతి కాలేజీలోనూ ఆ ఫ్యానే తిరుగుతోందంటే మనం దయ్యం బదులు ఫ్యాన్‌ను నమ్ముతున్నట్టే.

నాకు బాగా నచ్చిన కారణం చెట్టు. దయ్యం వచ్చే ముందు పూల వాసన వస్తుందంటారు కదా. దసరా దాటి చలి మొదలయ్యే రోజుల్లో ఏడాకుల పాల చెట్టు పూస్తుంది. పగలు అంతగా తెలియదు, రాత్రయితే వాసన తలకెక్కుతుంది. ఇంగ్లీషులో దానికి డెవిల్స్ ట్రీ అనే పేరు. మనవాళ్ళు క్యాంపస్‌ల్లో, రోడ్ల పక్కన వరసగా నాటేశారు. విశాఖలో హుద్‌హుద్ తుఫాను తర్వాత ఇవి బాగా పెరిగి, ఊపిరాడటం లేదని జనం గోల పెట్టారు కూడా. తమాషా ఏమిటంటే దాని శాస్త్రీయ నామం ఆల్‌స్టోనియా స్కాలరిస్. స్కాలరిస్ అంటే బడిది. ఆ కర్రతో పలకలు చేసేవాళ్ళట. శాంతినికేతన్‌లో ఒకప్పుడు పట్టాతో పాటు ఈ ఆకులే ఇచ్చేవాళ్ళు. ఒకే చెట్టు, అక్కడ పట్టా, ఇక్కడ దయ్యం.

ఇక పదకొండో నంబర్ గది.

1991లో నాకు కోస్తాలో ఒక డెల్టా ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. కాలేజీ పేరు చెప్పను. పెళ్ళికానిదాన్ని కాబట్టి చేరిన వారానికే హాస్టల్ డిప్యూటీ వార్డెన్‌ని చేశారు. పాతకాలపు మద్రాసు డాబా, టేకు దూలాలు. కింద కెమిస్ట్రీ ల్యాబ్, పైన ఆడపిల్లల గదులు. పదకొండో గదికి తాళం. పెద్ద ఇత్తడి తాళం, తుప్పు కాదు, పచ్చగా చిలుము పట్టి ఉండేది.

రాత్రి రెండూ రెండున్నర మధ్య గజ్జెల చప్పుడు. గల్ గల్ అని, మెల్లిగా మొదలై, పెరిగి, ఆగిపోతుంది. పిల్లలు పరుపులన్నీ రెండు గదుల్లోకి లాక్కుని ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పడుకునేవాళ్ళు. ఇద్దరికి జ్వరాలొచ్చి ఇంటికెళ్ళిపోయారు. ఒకమ్మాయి నాన్నగారు తాయెత్తులు డజను తెచ్చి పంచిపెట్టారు. ఆ రోజుల్లో ఊళ్ళలో గుమ్మాల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవాళ్ళు, గుర్తుందా పెద్దవాళ్ళకి? మా పిల్లలు గది తలుపుల మీద సుద్దతో అదే రాశారు. వార్డెన్ మేడమ్ బూడిద గుమ్మడికాయ కట్టించారు. నేను మెస్‌లో నిలబడి దయ్యాలు లేవని అరగంట లెక్చర్ ఇచ్చాను. అందరూ వినయంగా విన్నారు. ఒకమ్మాయి మాత్రం, "మేడమ్, అయితే ఈ రాత్రి మా దగ్గర పడుకోండి" అంది.

పడుకున్నాను. విన్నాను. అబద్ధం చెప్పను, నాకూ వీపంతా తడిసిపోయింది. లేచి లైటు వేసే ధైర్యం చెయ్యలేదు. చరిత్రలో ఎం.ఏ., గోల్డ్ మెడల్.

పొద్దున్నే ల్యాబ్ అటెండర్‌ని పట్టుకున్నాను. పెద్దాయన, బీడీ వాసన. నేను చెప్పింది విని నవ్వలేదు. "గజ్జెలు కాదు మేడమ్‌గారూ, సీసాలండి" అన్నాడు. ల్యాబ్‌లో యాసిడ్ సీసాలు గాజు మూతలతో అరల మీద వరసగా, ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. కాంపౌండ్ వెనకే రైలు కట్ట. రెండూ పదికి గూడ్స్ పోతుంది. బండి దూరంగా ఉండగానే కట్ట అదురు గోడకొస్తుంది, గోడ నుంచి అరకు, అర నుంచి సీసాకు. రైలు చప్పుడు వినీ వినీ పిల్లల చెవులు దాన్ని వదిలేశాయి, మిగిలింది గజ్జెలు. ఆయన పాత పేపర్లు మడిచి సీసాల మధ్య దూర్చాడు. ఆ రాత్రి నుంచి చప్పుడు లేదు.

నేను విజయగర్వంతో పిల్లలకు చెప్పబోతే వాళ్ళే ముందు చెప్పారు: "చూశారా మేడమ్, గుమ్మడికాయ పనిచేసింది." (నవ్వులు)

కథ ఇక్కడ ఆపేసి నేను కూర్చోవచ్చు. కానీ సీసాలు చప్పుడుకు కారణం చెప్పాయి గాని, తాళానికి చెప్పలేదు. కింద సీసాలు మోగితే పైన పదకొండో గదిలో ఆడపిల్ల ఎందుకు నడవాలి? అదే అటెండర్‌ని అడిగాను. ఈసారి ఆయన వెంటనే చెప్పలేదు. రెండు రోజులు తిప్పించుకుని చెప్పాడు.

అంతకు పదిహేనేళ్ళ ముందు, వానాకాలంలో, హాస్టల్లో పచ్చకామెర్లు వచ్చాయి. చేతిపంపు పక్కనే మురుగు గుంట. ఏడెనిమిది మంది పడ్డారు. అందరినీ ఇళ్ళకు పంపేశారు. ఒకమ్మాయి ఊరికి మాత్రం దారి మునిగిపోయి బస్సుల్లేవు. పదకొండో గదిలోనే ఉండిపోయింది, ఒక్కతే, నాలుగు రోజులు. ఐదో రోజు రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పోయింది. హాస్టల్ తెరిచాక పిల్లలకు "ఇంటికెళ్ళి చదువు మానేసింది" అని చెప్పారు. గదికి తాళం వేశారు. అంతే. తాళం ఎందుకని ఏ బ్యాచ్ అడిగినా ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళు చెప్పకపోతే పిల్లలు ఊరుకోరు కదా, వాళ్ళే చెప్పుకున్నారు. ప్రేమ విఫలమైందని ఒక బ్యాచ్, పరీక్ష పోయిందని ఒక బ్యాచ్. ఎవరి కథలోనూ చేతిపంపు లేదు.

రికార్డ్ రూమ్‌కి వెళ్ళి అడ్మిషన్ రిజిస్టర్ తీయించాను. చెదలు అంచులు కొరికేశాయి. ఆ అమ్మాయి పేరు, తండ్రి పేరు, ఊరు, బి.ఎస్సీ. రెండో సంవత్సరం, బి.జెడ్.సి. అన్నీ నల్ల సిరాతో గుండ్రటి అక్షరాల్లో. చివర "విడిచిన తేదీ" అని ఒక గడి, "కారణం" అని ఒక గడి. రెండూ ఖాళీ. టీసీ ఎవరూ తీసుకెళ్ళలేదు. ఆ కాలేజీ లెక్క ప్రకారం ఆ పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది.

ఆ సాయంత్రం స్టడీ అవర్‌లో పిల్లలకు మొత్తం చెప్పాను. పేరు, ఊరు, గ్రూపు, కామెర్లు, మునిగిన దారి. కొంతమంది ఏడ్చారు. ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, ఆ అక్క ఊరు మా మేనత్త వాళ్ళ ఊరి పక్కదే." అది ప్రశ్న కాదు, కానీ ప్రశ్న లాగే అంది. ఆ రోజు నుంచి దయ్యం అనే మాట పోయింది. అక్క అయింది. భయం పూర్తిగా పోయిందని చెప్పను. పదకొండో గది దాటేటప్పుడు అడుగులు త్వరగానే పడేవి.

తర్వాతి వారం ఆ పిల్లలే వచ్చి అడిగారు, ఇప్పుడు మేం తాగే నీళ్ళు ఎక్కడివి అని. అవే. అదే పంపు. మురుగు గుంట మీద బండ వేశారు, అంతే తేడా. అరవై సంతకాలతో కాగితం రాశారు. దాని మీద నాకు మెమో వచ్చింది, అదంతా ఇప్పుడెందుకు గాని, మరుసటి ఏడు కాంపౌండ్ అవతలి మూలలో కొత్త బోరు వేశారు. పదిహేనేళ్ళు గజ్జెల గురించి భయపడ్డాం, నీళ్ళ గురించి భయపడలేదు. నాకు ఇప్పటికీ చిరాకు ఆ విషయంలో.

మూడేళ్ళ కిందట ఆ ఊరు పెళ్ళికెళ్ళి, కాలేజీ చూసి వద్దామని వెళ్ళాను. ల్యాబ్ కొత్త బిల్డింగ్‌లోకి మారిపోయింది. పైన గదులన్నీ తెరిచే ఉన్నాయి. పదకొండో గదిలో నాలుగు మంచాలు, నలుగురు పిల్లలు, గోడకు చార్జర్లు. నేనెవరో వాళ్ళకు తెలియదు. ఒకమ్మాయి గది చూపించి, భోజనాల వేళయిందని బయటికి నడిచింది. లైటు వెలుగుతూనే ఉంది. అలవాటు కొద్దీ నేను స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఉండనివ్వండి మేడమ్, ఆపొద్దు," అంది ఆ అమ్మాయి. "మేం లేనప్పుడు అక్క ఒక్కతే ఉంటుంది. చీకట్లో భయపడుతుంది."